పదకొండో నంబరు, మగది

నవంబరు. పీబుల్స్ ఊరి కింద ట్వీడ్ నది
డికాషన్ రంగులో ఉంది.
స్ట్రూవన్ వీచ్ నడుము దాకా నీళ్లలో నడిచి
గుండెలకి హత్తుకుని తెచ్చాడు దాన్ని,
తప్పిపోయి దొరికిన పిల్లాణ్ని తెచ్చినట్టు.

సాల్మన్. మగది. ఎనిమిది కిలోలు.
కింది దవడ కొక్కెమై పైకి తిరిగింది.
ఒంటి మీద రాగి, దానిమ్మ తొక్క, కుంకుడుగింజ మచ్చలు.
నెత్తి మీద మాత్రం
ఎవరో దూది అతికించినట్టు తెల్లటి బూజు.

"పెళ్లికొడుకు" అన్నాడు స్ట్రూవన్.
ముప్పై ఏళ్లుగా ప్రతి మగచేపనీ అదే మాట అంటాడు.
నేను సూది తీశాను.
తోక దగ్గర, వెన్నెముక కింద, రెండు మిల్లీలీటర్లు.

షెడ్డులో హీటరుకి ఒక కడ్డీయే వెలుగుతుంది.
చుక్కని గాజుపలక మీద పరిచి, రంగు వేసి,
మైక్రోస్కోపు కింద పెట్టాను.
చేప ఎర్రకణానికి నడుమ గింజ ఉంటుంది
రేగుపండుకున్నట్టు. మనకి ఉండదు.
చేప ఎముకల్లో మూలుగ లేదు.
తల వెనక, మూత్రపిండం ముందుకొసలో
దాని సిపాయిలు పుడతారు.
వాళ్లని లెక్కపెట్టడం నా ఉద్యోగం.

ఆగస్టులో ఇక్కడే పట్టిన వెండిచేపలకి
లెక్కమీట నొక్కీ నొక్కీ బొటనవేలు నొప్పెట్టేది.
ఇవాళ వేలు ఊరికే ఉంది.

వృషణాల రసం నెత్తుట్లో కలిసి
దవడని సాగదీసి, ఒంటికి రంగులు పూసి,
అదే దారిన వెళ్లి మూత్రపిండం తలుపు తట్టి
సిపాయిల్ని పనిలోంచి తీసేసింది,
ఇంటి దూలం నరికి
పెళ్లిపందిరికి గుంజ పాతినట్టు.
బూజు బీజాలు నదిలో ఎప్పుడూ ఉన్నవే.
తలుపు తీసి ఉందని ఇప్పుడు తెలిసింది వాటికి.

ఆడచేపల సంగతి ఇంత తిన్నగా చెప్పలేను.
ఈస్ట్రోజెన్ కాలేయం చేత గుడ్లకి సొన వండిస్తుంది,
పొలుసుల్లోంచి సున్నం అరువు తెస్తుంది,
సిపాయిల్ని ఒకచోట లేపుతుంది, ఇంకోచోట పడుకోబెడుతుంది.
నా నోటుబుక్కులో ఆ పేజీ నిండా ప్రశ్నార్థకాలే.

పడుకోబెట్టడమంటే మాత్రం తెలుసు నాకు.
ఇరవై తొమ్మిదో ఏట
నా కాపలావాళ్లే నా వేలికణుపుల్ని కొరికేవాళ్లు.
సీసా మూత రాదు, జడ అల్లుకోలేను.
హిమజ కడుపులో ఉన్న తొమ్మిది నెలలూ
ఒక్క నొప్పి లేదు.
నిమ్మకాయలు పిండాను, దుప్పట్లు పిండాను,
ఉత్తినే పిడికిలి మూసి తెరిచి చూసుకునేదాన్ని.
దానికి మూడో నెల వచ్చేసరికి
తిరిగొచ్చారు, జీతం బాకీ అడిగేవాళ్లలా.
హార్మోన్లు, అన్నాడు డాక్టరు, భుజాలెగరేసి.
ఆ ఒక్క మాటలో ఏముందో తెలుసుకోవాలనే
చేపల దగ్గరికి వచ్చానని చెబుతుంటాను.
నిజానికి అప్పటికి ఈ ఉద్యోగమొక్కటే ఖాళీగా ఉంది.

స్ట్రూవన్ దాని పొట్టని బొటనవేలితో నిమిరాడు.
బేసినులో అడుగు తడిసేంత తెలుపు.
బల్ల మీద పొట్టి కర్ర ఉంది. ఇక్కడ దాన్ని పూజారి అంటారు,
ఒక్క దెబ్బలో కడసారి మంత్రం చదివేస్తుందని.
బూజు పట్టినదాన్ని కొట్టెయ్యాలని కాగితంలో రాసుంది.
అతను పూజారి వైపు చూశాడు. నా వైపు చూశాడు.
"వీడికింకా రెండు రాత్రులున్నాయి" అన్నాడు.

నేను కిటికీ వైపు తిరిగి
గాజుపలక మీద నంబరు రాశాను.
నీళ్ల చప్పుడు వినిపించింది.
వేళ్లు కొంచెం బిగుసుకున్నాయి, చలికే అనుకుంటా.

పదకొండు. మగది.
చంపారా, వదిలారా అనే గడి దగ్గర పెన్సిలు ఆపి
మళ్లీ కన్ను ఆనించాను.
ఎర్రగింజల గుంపులో, బాగా అంచున,
ఊదారంగులో, గుండ్రంగా,
ఒకడు.
గీత గీశాను.